బారెడు దూరం

మొన్న ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో నా పక్కన కూర్చున్నామె ఫోను మాట్లాడడం అయిపోగానే దాన్ని రవికెలోకి తోసుకుంది. ఎడమవైపు. ఒళ్లో ఇంత పెద్ద సంచి ఉంది, అయినా ఫోనుకు అదే చోటు. నా నోరు ఊరుకోదు కదా.

“ఎడమపక్క పెట్టుకోవద్దమ్మా,” అన్నాను.

“ఏమిటికి?”

“గుండె ఉండేది ఆ పక్కనే.”

ఆమె నన్ను నెత్తి నుంచి కాళ్ల దాకా చూసింది. “నా గుండె బాగనే ఉండాది. నా రవిక, నా ఫోను. నువ్వు రోంత అట్ల జరుగు.”

జరిగాను. కాలేజీ రోజుల నుంచి మాటకు మాట అప్పజెప్పనిదే నిద్రపట్టని దాన్ని, నోరు మూసుకుని కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను. ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. అది ఆమెకు అక్కర్లేని జాగ్రత్త. నా నోరు మూయించింది మాత్రం ఆ ఒక్క మాట. జరుగు. మా ఇంట్లో కొన్నేళ్ల పాటు సంసారమంతా ఆ మాట మీదే నడిచింది.

నేను చెబుతున్నది మా అత్త గురించి. మా ఆయన్ని కన్నతల్లి. ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట పుట్టింది, మగ్గాల ఇంటికే కోడలయింది. ఊహ తెలిసిన నాటి నుంచి రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టిన చేతులు ఆమెవి. కొడుక్కు ఆదోనిలో పత్తి మిల్లులో గుమాస్తా పని దొరికాక మాతో వచ్చేసింది గానీ, ఆ చేతులు ఖాళీగా ఉండేవి కావు. ఏది కనబడినా కొలిచేవి. బొటనవేలు ఆనించి చిటికెనవేలు చాపితే జానెడు. మోచేతి నుంచి వేళ్ల కొస దాకా మూరెడు. రెండు చేతులూ చాపితే బారెడు. నేను పోసిన దోసె మీద జాన పెట్టి చూసి, “ఇది దోసెనా, బొట్టుబిళ్లనా?” అనేది. కొత్త చీర తెస్తే ధర అడగడానికి ముందే మూరలేసేది. ఒకసారి పొరుగింటామె, “మీ కోడలికి నోరెక్కువంట గదా,” అంటే, “కొలుద్దామని చూసినా. నా బార చాలల్యా,” అని నా ముందే చెప్పింది. మాకిద్దరికీ పొత్తు కుదిరిందని నేను అబద్ధం చెప్పను. వంటింట్లో పోపు దినుసుల డబ్బా ఏ గూట్లో ఉండాలన్న దాని మీద మేం ఏళ్ల తరబడి పోట్లాడాం.

ఒకరోజు పెరట్లో నీళ్ల డ్రమ్ము దగ్గర చెంబు ముంచబోయి అలాగే కూలబడిపోయింది. గుండె మరీ మెల్లగా కొట్టుకుంటోందన్నారు. కర్నూలు ఆసుపత్రిలో ఎడమవైపు కాలరు ఎముక కింద పేస్‌మేకరు పెట్టారు. తోలు కింద చిన్న ఉబ్బుగా తగిలేది. ఆమె దాన్ని ‘బిళ్ల’ అనేది.

ఇంటికి పంపేటప్పుడు కుర్ర డాక్టరు ఒకాయన వరండాలోనే నిలబడి జాగ్రత్తలు చెప్పాడు. ఆయనకు తొందర. “మీ ఇంటి దగ్గర వెల్డింగు షాపులు, పెద్ద జనరేటర్లు ఉన్నాయా? అట్లాంటి వాటికి దూరంగా ఉండాలి,” అంటూ రెండు చేతులూ ఇటూ అటూ చాపి చూపించాడు. ఇంకా ఏదో చెప్పబోతుంటే ఎవరో పిలిచారు, పోయాడు. అంతే. నేను మందుల చీటీ పట్టుకుని పక్కనే ఉన్నాను. నా చెవికి వినబడింది వెల్డింగు. మా ఆయన కంటికి కనబడింది ఆ రెండు చేతులు. మగ్గాల ఇంట పుట్టినవాడు కదా, రెండు చేతులు చాపితే అది ఆయనకు సైగ కాదు, కొలత.

“బారెడు దూరం,” అన్నాడు ఇంటికి రాగానే. “కరెంటు వస్తువు ఏదైనా సరే, అమ్మకు బారెడు దూరంలో ఉండాల.”

“ఆయన చెప్పింది వెల్డింగు గురించి,” అన్నాను.

“కరెంటు కరెంటే గదా. వెల్డింగుకు ఒకటి, మిక్సీకి ఒకటి వస్తాందా తీగలో?”

బీకాం చదివిన మనిషి. నేను వాదించాను. గొంతు పోయేదాకా వాదించాను. ఆయన వినిపించుకోకుండా చేతులు బార చాపి నేల మీద వంగి, మిక్సీ గట్టు నుంచి ఒక గీత, ఫ్రిజ్ నుంచి ఒక గీత, టీవీ నుంచి ఒక గీత గీశాడు. మొదట ముగ్గుపిండితో. నేను మర్నాడే తడిగుడ్డ పెట్టి తుడిచేశాను. సాయంత్రం తెల్ల పెయింటు డబ్బా తెచ్చాడు.

మా ఇల్లు పెద్దది కాదు. నాపరాళ్ల మీద ఆ గీతలన్నీ పూర్తయ్యాక చూస్తే, ఆమె కాలు పెట్టడానికి మిగిలిన చోటు పెరటి గడప పక్కన ఒక మూల. అక్కడే ఆమె చాప, చెంబు, మందుల డబ్బా. పైన తిరిగే ఫ్యానుకు మాత్రం మినహాయింపు దొరికింది, ఇంటి కప్పు బారెడు కంటే ఎత్తు కనుక. ఆమె గీతలన్నీ చూసి కొడుకుతో అంది, “సీతమ్మకు ఒగ గీతే గదరా నాయనా. నేనేం తప్పు జేసినానని నాకిన్ని?”

ఆయన నవ్వలేదు. వాళ్ల నాన్న గుండె ఆగి ఈయన ఒళ్లోనే పోయాడు. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు. అందుకే ఆ ఒక్క వేళాకోళంతో సరిపెట్టింది. గడప పక్కన చాప పరుచుకుని కూర్చుంది.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు ఊపిరాడదు. మా ఫ్రిజ్ పాతది. వట్టి కాళ్లతో తలుపు ముట్టుకుంటే జిల్లుమనేది. ఎర్తు సరిగా లేదు, ఎలక్ట్రీషియన్ని పిలువు అని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో లెక్కలేదు. “చెప్పులేసుకుని తియ్యి,” అనేవాడు. మనిషికి నిజంగా షాకు కొట్టే వస్తువును బాగుచేయించడు గానీ, దానికి బారెడు దూరంలో పెయింటు గీత గీస్తాడు. భయపడే మగవాళ్లతో వచ్చిన చిక్కే ఇది.

గీతలతో పాటు ఒక పద్ధతి కూడా పెట్టాడు. ఎవరు ఏ స్విచ్చి వేసినా ముందు కేకేయాలి. “ఏస్తాండా!” అని మేం అరవాలి. “జరిగినా!” అని ఆమె గడప దగ్గర నుంచి పలకాలి. ఆ తర్వాతే స్విచ్చి. చట్నీకి ఏస్తాండా, జరిగినా. ఇస్త్రీకి ఏస్తాండా, జరిగినా. ఒకసారి నేను మరిచిపోయి కేకేయకుండా మిక్సీ వేస్తే, ఆయన స్నానాల గదిలోంచి ఒళ్లు తుడుచుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. ఆమె గడప దగ్గర నిమ్మళంగా తమలపాకు మడుచుకుంటోంది. “నేను బాగనే ఉండా, నువ్వు పోయి గుడ్డ సరిగా కట్టుకో,” అంది.

ఇంకెవరికైనా చెరసాల అయ్యే చోట ఆమె తన దారులు తాను వెతుక్కుంది. ఆయన ఇంట్లో లేనప్పుడు మా పెద్దాడబిడ్డ హొళగుంద నుంచి ఫోను చేస్తే, తన కోడలి మీద ఫిర్యాదులు వినిపించి వినిపించి వదిలేది కాదు. ఆ ఫిర్యాదులు మొదలవగానే అత్త చేయి బిళ్ల మీదికి పోయేది. “ఫోను ఎక్కువసేపు వద్దన్నాడే డాక్టరు. దడగా ఉండాది. పెట్టేస్తా.” పెట్టేసి నా వైపు చూసి కన్నుగీటేది.

ఆమెను నేను నిండుగా చూసింది కరెంటు పోయినప్పుడు. ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాను ఆగిందంటే మేమంతా ఉస్సూరని విసనకర్రలు వెతుక్కునేవాళ్లం. ఆమె మాత్రం చాప మీద నుంచి లేచేది. చీర కుచ్చెళ్లు సర్దుకునేది. గీత దాటేది. వంటింట్లోకి వచ్చి మిక్సీ మూత తీసి వాసన చూసేది. “నువ్వు బాగ కడగవు మ్మే. వెల్లుల్లి వాసనొస్తాంది.” ఫ్రిజ్ తలుపు తీసి లోపలున్న గిన్నెలన్నీ మూతలెత్తి విచారించేది. టీవీ మీద దుమ్ము కొంగుతో తుడిచేది. పోపు డబ్బాను నేను పెట్టిన గూట్లోంచి తీసి తనకిష్టమైన గూట్లో పెట్టేది. కరెంటు లేని ఇంట్లో, వీధిలోకి ఊరేగింపు వచ్చినట్టు తిరిగేది. ఫ్యాను రెక్క మళ్లీ కదిలిందో లేదో, “పాయె, వచ్చేసినాడు,” అనుకుంటూ గడప దగ్గరికి పోయేది. కరెంటును ఆమె ‘వాడు’ అనేది. మామగార్ని కూడా అలాగే అనేదట, ఆయన ఉన్నప్పుడు.

ఆమెకు కావలసింది ఒక్కటే. ఎమ్మిగనూరు పోవాలి. తమ్ముడి ఇంట్లో కూర్చుని కండెలు చుట్టాలి. “ఒగ పూట చాలు. చేతులు మరిచిపోతాండాయి,” అనేది. చాప మీద కూర్చుని కుడిచేత్తో గాల్లోనే రాట్నం తిప్పేది, ఎడమచేతి వేళ్లు లేని నూలును పట్టుకుని నడిపించేవి. మా ఆయన ముఖం తిప్పుకునేవాడు. తమ్ముడి ఇంట్లో ఇప్పుడు మర మగ్గాలు. రాట్నానికి కూడా చిన్న మోటరు. “ఆడంతా మోటర్లేమ్మా. ఎట్ల పంపేది?” అనేవాడు. నిజమే, ఆ ఇంట్లో బారెడు చొప్పున గీతలు గీస్తే ఆమెకు మిగిలేది వీధి.

“దూరమంటే ఎంత అని ఆ డాక్టర్ని మల్లీ అడిగినారా ఎవురన్నా?” అని ఒకరోజు నన్ను అడిగింది. “జానెడా, మూరెడా? ప్రతిదానికీ బారెడేనా?”

మళ్లీ పరీక్షకు రమ్మన్న రోజు వచ్చింది. పత్తి దిగుబడి కాలం, మా ఆయనకు మిల్లులో సెలవు దొరకలేదు. నేనే తీసుకుపోయాను. ఈసారి ఉన్నది నింపాది గల డాక్టరమ్మ. బిళ్ల పనితీరు చూసి అంతా బాగుందంది. లేవబోతుంటే అత్త కూర్చునే ఉంది.

“అమ్మా, దూరమంటే ఎంత?”

“దేనికి దూరం?”

అత్త ఒక్కొక్కటే అడిగింది. మిక్సీ? వాడుకోండి. ఫ్రిజ్, టీవీ, ఫ్యాను, ఇస్త్రీపెట్టె? అందరిలాగే వాడుకోండి. ఫోనో? డాక్టరమ్మ తన జాన చాపి చూపించింది, బిళ్లకు ఇంత ఎడంగా ఉంచండి, కుడి చెవికి పెట్టుకోండి, రవికెలో మాత్రం వద్దు. ఇండక్షన్ పొయ్యి ఉంటే రెండడుగులు ఇవతల నిలబడండి. పెద్ద మోటర్ల మీదికి వంగి ఆనుకోవద్దు. వెల్డింగు జోలికి పోవద్దు.

“కండెలు చుట్టే రాట్నముంటాది. చిన్న మోటరు. మూరెడు ఎడంలో కూసుంటే?”

“కూర్చోండి. ఏం కాదు. మర మగ్గాలున్నా వాటికి ఎదురుగా కూర్చోవచ్చు, ఆనుకోకుండా ఉంటే చాలు. ఇంట్లో షాకు కొట్టే వస్తువేదైనా ఉందా?”

మేమిద్దరం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం.

“ఫ్రిజ్,” అన్నాను.

“దాన్ని ముందు బాగుచేయించండి. మీ అత్తకే కాదు, అందరికీ ముప్పే. ఇంకొకటి, ఏ వస్తువు దగ్గరైనా తల తిరిగినట్టో దడగానో ఉంటే వెంటనే పక్కకు జరగండి. మాకు ఫోను చేయండి.”

“జరిగేది మాకు బాగ వచ్చులేమ్మా,” అంది అత్త.

తిరుగు బస్సు ఎమ్మిగనూరు మీదుగానే. బస్టాండులో ఆగింది. నేను నీళ్ల సీసా మూత తీస్తున్నాను. పక్కన చూస్తే అత్త లేదు. మెట్ల దగ్గర నిలబడి ఉంది.

“అవ్వా, ఆదోని కాదు ఇది, యాడికి దిగుతాండావు?” అన్నాడు కండక్టరు.

“నాకు తెల్దా నాయనా నేను పుట్టిన ఊరు? మ్మే, సంచి తీసుకో.”

నేను వాదించలేదు. నా జీవితంలో అది వింతే.

ఆటోలో ఆమె వేళ్లు ఊరుకోలేదు. వీధి మొదట్లోకి రాగానే మగ్గాల చప్పుడు మొదలైంది. ఠకఠకా ఠకఠకా, ఇంటింటికీ ఒక తీరు. ఆమె కళ్లు మూసుకుంది. “ఇది మేస్త్రీ ఇంటిది. ఇది కొత్తది, నాకు తెల్దు. అదిగో, అది మా తమ్మునిది. ఒగ కాలు కుంటుతాది చూడు, ఇను.” నిజంగానే ఆ మగ్గం దెబ్బలో ఒకటి రవ్వంత ఆలస్యంగా పడుతోంది.

ఆటో ఆగింది. గుమ్మంలో తమ్ముడి పెండ్లాం కనబడింది. అత్తను చూసిన మరుక్షణం లోపలికి తిరిగి అరిచింది, “వదినొచ్చింది! మోటర్లు ఆపండి! మోటర్లు ఆపండి!”

ఠకఠకలు ఆగిపోయాయి. ఒకటి, తర్వాత ఇంకొకటి, చివరికి ఆ కుంటిది.

ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. పక్కింట్లో ఎవరో దగ్గితే వినబడింది. తమ్ముడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. “యాడ తిరుగుతాండావక్కా ఈ ఎండలో? రా, రా. ఈడ కూసో, మంచం వీధిలో ఏస్తా.”

“వీధిలో ఏమిటికి? లోపల కూసుంటా. మగ్గం ఎయ్యి.”

“వద్దక్కా.”

“ఎయ్యరా. డాక్టరమ్మ సెప్పింది. మూరెడు ఎడం చాలంట.”

తమ్ముడు నా వైపు చూశాడు. నేను పూసగుచ్చినట్టు చెప్పాను. ఫోనుకు జానెడు, పొయ్యికి రెండడుగులు, మగ్గం ఎదురుగా కూర్చోవచ్చు. చేతులు తిప్పి తిప్పి చెప్పాను. ఆయన అంతా విని తలూపాడు.

“నువ్వు సదువుకున్నదానివి, నువ్వు సెప్పింది నిజమే అయ్యుంటాదమ్మా. కాదనను. కానీ అల్లుడు ఫోను జేసి ఏడ్సినాడు తెలుసునా? మామా, అమ్మ ఎప్పుడన్నా వస్తే మోటర్లు ఆపు, నీకు దండం పెడతా అన్నాడు. రేపు ఏమన్నా అయితే వాని మొగం నేనెట్ల సూసేది?”

“ఏమీ కాదు మామా.”

“కాదు లేమ్మా. కాదు. అయినా…”

మగ్గం నేసే కూలీలు ఇద్దరు గోడకానుకుని నిలబడ్డారు, మర్యాదగా. ఒకతను బీడీ ముట్టించబోయి, అగ్గి కూడా వద్దేమో అనుకున్నట్టు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తమ్ముడి పెండ్లాం బొరుగులు నానబెట్టి ఉగ్గాణి చేసి తెచ్చింది, మిరపకాయ బజ్జీలతో. అందరూ ఆమెను ప్రేమగా చూస్తున్నారు. అందరూ ఆమె ఎప్పుడు లేస్తుందా అని చూస్తున్నారు.

అత్త లేచి రాట్నం దగ్గరికి పోయింది. ప్లగ్గు పీకేసి పక్కన పెట్టారు. ఆమె నేల మీద మూర పెట్టి కొలిచి, సరిగ్గా ఆ ఎడంలో కూర్చుంది. ఖాళీ కండె ఒకటి తీసి చేతిలో తిప్పి చూసింది. మళ్లీ గంపలో వేసేసింది.

“పోదాం పా మ్మే. పనోళ్ల పొద్దు పోగొడతాండాము.”

ఆటో వీధి మలుపు తిరుగుతుండగా వెనక మగ్గాలు మొదలయ్యాయి. ఒకటి, ఇంకొకటి, ఆ కుంటిది. “ఆపు నాయనా,” అంది ఆటోవానితో. దిగలేదు. సీట్లోనే వెనక్కి ఒరిగి, చెవి ఆ పక్కకు పెట్టి వింది. ఆమె కుడిచెయ్యి మోకాలి మీద రాట్నం తిప్పుతూనే ఉంది.

“మగ్గం నుంచి ఈడికి ఎన్ని బారలుంటాది మ్మే?”

“శానా ఉంటాదత్తా.”

“శానా అంటే ఎంత?” అంది.

ఇంటికి వచ్చి నేను మా ఆయనతో పోట్లాడిన పోట్లాట వీధంతా వింది. ఆయన డాక్టరమ్మకు తానే ఫోను చేశాడు, నా ఎదుటే. ఆమె అదే చెప్పింది. మర్నాడు ఎలక్ట్రీషియన్ని పిలిచి ఫ్రిజ్‌కు ఎర్తు వేయించాడు. గీతలు మాత్రం చెరపలేదు. “ఉండనీలే. అవి ఏం అడ్డమొస్తాండాయి?” అన్నాడు. నేను నోరు తెరిచాను. గడప దగ్గర నుంచి అత్త నన్ను చేత్తో వారించింది.

ఆయన మిల్లుకు పోయాక అంది, “ఉండనియ్యి మ్మే. నేను ఆ గీత దాటితే వానికి నిద్ర పట్టదు. వాని నాయిన పోయినప్పటి నుంచి వాడు నిద్రపోయింది ఎప్పుడు?”

ఆ తర్వాత ఆమె ఆయన లేనప్పుడు వంటింట్లోనే ఉండేది. మిక్సీ పక్కనే, మూరెడు ఎడంలో. ఆయన ఉన్నప్పుడు చాప మీద. ఒక్కోసారి ఆయన హాల్లో ఉండగానే గట్టు పక్కకు వచ్చి నిలబడేది. నేను “ఏస్తాండా!” అనేదాన్ని. ఆమె అంగుళం కదలకుండా, నా ముఖంలో ముఖం పెట్టి, గొంతు దూరం నుంచి వచ్చేట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పలికేది, “జరిగినా!” మేమిద్దరం ఒకే పక్షాన ఉన్నది ఆ కాసేపే. మళ్లీ ఎమ్మిగనూరు మాట ఎత్తలేదు. నేనే ఒకసారి ఎత్తితే, “పోయి ఏం జేసేది? నేను పోతే చప్పుడు పోతాది,” అంది.

పోయిన ఎండాకాలం జ్వరమొచ్చి, కిడ్నీలు చెడి, అందరిలాగే పోయింది. బిళ్ల తన పని చివరి దాకా చేసింది. ఏ కరెంటూ ఆమెను ఏమీ చేయలేదు.

గీతలు ఇంకా ఉన్నాయి. కిరసనాయిలు పెట్టి రుద్దితే సగం పోయాయి. ఆయన రుద్దడం ఆపేశాడు. పోపు డబ్బా ఆమె గూట్లోనే ఉంది. ఆ గూడే చేతికి అందుతుందని నేను ఇప్పుడు కూడా ఒప్పుకోను.

ఆ రోజు బస్సు దిగి, ఎమ్మిగనూరులో పని చూసుకుని, సాయంత్రానికి ఇల్లు చేరాను. చట్నీకి పప్పులు మిక్సీలో పోసి మూత పెట్టాను. స్విచ్చి మీద వేలు పెట్టాను. అలవాటు తప్పినదాన్ని, కేకేయలేదు. హాల్లో ఆయన పేపరు చదువుతున్నాడు. మిక్సీ గిన్నె బిగించిన చప్పుడు వినబడి ఉంటుంది. తలెత్తకుండానే అన్నాడు,

“అమ్మా, జరిగినావా?”

పేపరు చప్పుడు ఆగిపోయింది. ఆయనకు తన గొంతు తనకే వినబడినట్టుంది. గడప దగ్గర చాప లేదు. చోటు మాత్రం ఉంది.

నాకు నోటి నిండా మాటలున్నాయి. ఎప్పుడూ ఉంటాయి. ఆమె చాప దాకా నడిచిపోవడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపు ఆగాను.

“జరిగిందిలే,” అన్నాను. స్విచ్చి వేశాను.